ఇరవై ఏడు

మిర్యాలగూడల రైసుమిల్లుకు ఫోన్లు బిగించుడంటే
ముందుగాల ఊకతోటి లొల్లి.
సాకెట్ల ఊక, స్క్రూ గాడిల ఊక,
పొద్దుమూకి ఇంటికి పోయి దగ్గితే
గొంతుల నుంచి ఊక.

వీరభద్రయ్య సేటు వేళ్లు మడుస్తూ చెప్పిండు:
"బయటి లైను ఒక్కటే. లోపల ఎనిమిది కావాలె.
కాంటా కాడొకటి, గేటు కాడొకటి,
గుమస్తాకు, గోదాముకు, మెకానిక్కుకు,
పైన ఇంట్ల వంటర్రకు, బాయిలర్ కాడికి.
సున్నా కొట్టి బయటికి మాట్లాడుడు మాత్రం
నా ఒక్కని ఫోనుకే ఉండాలె."
సరే అన్న.
సున్నాకు తాళమేసుడు నాకు రెండు నిమిషాల పని.

కరెంటు వైరు పక్కపొంటి ఫోను తీగ పోనియ్యద్దు,
పోనిస్తే మాటల్ల తుమ్మెద జొర్రుతది.
అందుకే గోడ చుట్టు తిప్పి, రేకుల కింది నుంచి
నలభై గజాలు ఎక్కువనే గుంజిన.
తీగ తోలు పండ్లతోనే గీకుత.
ముందటి పంటికి సన్న గాడి పడ్డది,
నా సర్టిఫికెట్టు అదే.
ఎవడన్న అప్పుడే ఫోను చేసిండా,
రింగు కరెంటుకు నాలుక జివ్వుమంటది.

బాయిలర్ కాడ యాకూబ్ అలీ.
ఇరవై రెండేండ్ల సంది మంటకు ఊక మేపుతుండు.
ఎడమ చెవి ఎప్పుడో మిషను తినేసింది,
కుడి చెవిల సగం మిగిలింది.
గంట ఎంత మోగినా ఏం లాభం అక్కడ?
సంచిల పాత రిలే ఒకటుంటే తగిలించి
ఎర్ర జీరో బల్బు వేలాడగట్టిన.
ఫోనొస్తే ఎలుగుతది, పెట్టేస్తే ఆరుతది.
బల్బూ హోల్డరూ బిల్లుల రాయలే.

ఆఖరికి నెంబర్ల చిట్టీలు రాసి
ఒక్కో ఫోను పక్కన అంటించిన.
ఇరవై ఒకటి సేటు. ఇరవై ఏడు బాయిలర్.
నా రాతల ఒకటికి ముక్కుంటది,
బళ్లె సారు దీనికే తొడపాశం పెట్టేది.

సామాను సదురుకుంటుంటే
బల్బు ఎలిగింది.
యాకూబ్ దాన్ని చూసిండు,
ఆవిరి మీటరు ముల్లును చూసినట్టు.
ఎత్తమని సైగ చేసిన.
తలకిందులుగ పట్టుకుంటే తిప్పి ఇచ్చిన.
చాలాసేపు ఇన్నడు.
ఆనిక మిల్లంత ఇనబడేటట్టు ఒర్రిండు:
"ఇంకా తినలే!"

ఎవరు అని అడిగిన.
"తెల్వది. ఆడమనిషి.
తిన్నరా, టైమెంతయితుంది అని గదిమింది."
గడియారం రెండున్నర దాటింది.
పార కింద పెట్టిండు, చేతులు కడుక్కున్నడు,
రొట్టెల గిన్నె మూత తీసుకుంట
ఆరిపోయిన బల్బు దిక్కు మళ్లొకసారి చూసిండు.

పైన అనసూయమ్మ బెదిరిపోయిందంట,
మొగడు గిట్ల ఒర్రుడు ఎన్నడు ఇనలే.
సేటు నన్ను పిలిచి చిట్టీ మీద గోరుతోని కొట్టిండు.
"ఏందయ్య, ఇది ఒకటా, ఏడా?"
కొత్త చిట్టీ రాసిన.
ఒకటికి ముక్కు కోసి నిలువు గీత గీసిన.

మల్ల ఏడాది, యాసంగి వడ్లు దిగే రోజులు,
సర్వీసుకు పోయిన.
గేటు కాడి తీగ ఎలుక కొరికింది, మార్చిన.
కాంటా ఫోనుల పిడికెడు ఊక, దులిపిన.
బాయిలర్ కాడ బల్బు పచ్చగుంది.
ఎర్రది మాడితే యాకూబే కొనుక్కొచ్చుకున్నడంట,
పన్నెండు రూపాయలు,
ఎవ్వరి లెక్కల రాయకుండ.

వంటర్రల ఫోను గరగరమంటుందని పైకి పిలిచిండ్రు.
రిసీవరు ఇప్పి తుడిచిన, తీగ తుడిచిన,
స్పిరిటు గుడ్డ మీటల కాడికి తెచ్చి ఆగిన.
గోడకు నా చిట్టీ మంచిగనే ఉంది,
నిలువు గీత నిలువుగనే ఉంది.

రెండు మీద పసుపు మరక.
ఏడు మీద పసుపు మరక.
ఒకటి
ఇయ్యాల్లనే డబ్బల నుంచి తీసినట్టు తెల్లగుంది.