మైనం వాటా

నియాస్సా అడవిలో ఎండుగడ్డి మీద కూర్చుని
ఇసూఫోని అడిగాను, కాగితంలో ఉన్నట్టే:
"ప్రకృతితో మీ అనుబంధం ఎంత?
ఒకటి నుంచి ఐదు లోపు చెప్పండి."
దుబాసీ పిల్ల జైనబు కాసేపు నోరు మెదపలేదు.
యావో భాషలో ఆ మాటకి ఏం పెట్టాలో తోచక
చివరికి చెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పి
"ఇదంతా" అంది.

ఆయన గొడ్డలి అంచు బొటనవేలితో చూసుకుంటూ లేచాడు.
నాలుక మీద ఒక గరగర, చివర చిన్న మూలుగు,
వాళ్ళ నాన్న పిలిచినట్టే పిలిచాడు.
మూడోసారికి
మట్టిరంగు పిట్ట ఒకటి, చూడ్డానికి ఏమంత బాగాలేనిది,
కొమ్మ మారి కొమ్మ మీద మమ్మల్ని కసురుతూ ముందుకి పోయింది.
మేం వెనకాల.
ముళ్ళు. నా కాగితాలు రెండు చిరిగాయి.

తొర్రకి పొగబెట్టి తేనె తీశాక
కందిన చేతులతోనే
మైనం ముక్కొకటి ఆకు మీద పరిచాడు, పిట్ట కంటికి ఆనేలా.
"ఎక్కువ పెట్టకూడదు. కడుపు నిండితే రేపు రాదు."
గొడ్డలి తుడుచుకున్నాడు.
"తక్కువ పెట్టినా రాదు."

పిట్ట దిగింది. పొడుచుకు తింటూ
మా వైపు ఒక్కసారైనా చూడలేదు.
ఆయనా దాని వైపు చూడలేదు.

రాత్రి దీపం దగ్గర
ఐదు గళ్ళ ముందు పెన్ను పట్టుకు కూర్చున్నాను.
"ఏదో ఒక అంకె వెయ్యి" అంది జైనబు ఆవలిస్తూ.
కాగితానికి ఎప్పుడంటిందో తేనె.
చీమలు అప్పటికే
మూడో గడి దాటి వస్తున్నాయి.