గైర్హాజరు కొట్టేసిన చోట

మా జాజిమల్లె సంఘం పుస్తకంల
ఒక బర్రె ఉన్నది.
రెండేండ్లు కావస్తుంది,
గడ్డి అడుగలే, ఈనలే,
పాలు పిండమని ఎవ్వలను పిలువలే.
'రుణం దేనికొరకు' అన్న గడిల
నా చేతిరాతతోనే కట్టేసి ఉన్నది:
సార్లక్క, యాభైవేలు, పాడి బర్రె.

అసలు సంగతి అందరికెరుకే.
పరకాల బ్యాంకు మెట్ల కింద
బండి మీద కూసున్నడు ఓదెలు బావ,
ఒక కాలు నేల మీద, ఇంజను బందు పెట్టకుండ.
సంతకం పెట్టిన చేతికీ
ఆ అంగి జేబుకూ ఎంత దూరం?
పదకొండు మెట్లు.
దిగుకుంట లెక్కపెట్టిన.
లెక్కపెట్టుడే నా కొలువాయె.

పైసలు బోరుల వడ్డయి.
మూడువందల ఫీట్ల కాడ తెల్ల దుబ్బ లేసి
వాడకట్టంత కప్పింది.
ఇప్పుడా పైపు మీద తొండ ఎండ కాగుతది.

మొగోళ్ళు గూడ పెట్టిన్రు ఒక యేడు సంఘం.
గల్లపెట్టెకు మూడు తాళాలు, ముగ్గురు పెద్దమనుషులు.
రెండోనెల కుర్చీ ఎవలిదని కొట్లాట.
నాలుగోనెల యాటను కోసిన్రు,
పోగులేసి పంచుకున్నరు,
లెక్క సరిపోయిందన్నరు.
మేం కడుపు పట్టుకొని నవ్వినం.
నవ్వు ఆగినంక సోయికొచ్చింది,
వాళ్ళ గడప ఎవ్వడు తొక్కలే కిస్తుకు.
మా పదిమందికేమో ఒకటే మెడ.
ఒక్కలు ఆగితే అందరి పొదుపుల కోత.

ఇరవై కిస్తులు సార్లక్కే కట్టింది,
పత్తి ఏరి, నాట్లేసి,
ఆ లేని బర్రెకు.
ఇరవై ఒకటో కిస్తుకు మోకాలు వాచింది.
మూడు మీటింగులు రాలే.
గైర్హాజరు, గైర్హాజరు, గైర్హాజరు
అని రాసింది నేనే.

"తలుపు ఊడబీకుదాం" అన్నది నర్సవ్వ.
తన కిస్తుకు తన పుస్తెల్తాడు కుదువ పెట్టిన మనిషి,
ఆమెను ఏమనగలం?
ఓదెలునడుగుదాం అని మాత్రం ఎవ్వరం అనలే.
అప్పు పేరు ఆడిదాయె.

మిర్చి ఏరి అటునుంచటే పోయినం,
చేతులు మండుతుంటే
అరుగు మీద వరుసగ కూసున్నం.
లోపలినుంచి ఓదెలు గొంతు:
"ఇంట్ల లేదు, రేపు రాండ్రి."
ఆ మాట ఎనుకనే గిన్నె చప్పుడు.

తలుపు తీసింది సార్లక్క.
చంకల సాప.
మాకనుకున్నం.
నర్సవ్వ పక్కన తనకే పరుచుకొని
వాచిన కాలు చాపి
తన ఇంటి దిక్కు తిరిగి కూసున్నది.
"నేను గూడ సంఘం మనిషినే గద," అన్నది.
ఎన్కశిరి పిలిచింది:
"ఓదెలూ! మా పైసలేయి?"

ఇరవైరెండేండ్లు 'ఏమయ్యో' దాటని నోరు.
అత్త దగ్గు మధ్యలనే ఆగింది.
మా చేతుల నిండ మిరప ఘాటు,
ఎవ్వరం కండ్లు తుడుచుకోలే.

ఎంతసేపటికో
కొక్కేనికున్న అంగి కదిలిన చప్పుడు.
పన్నెండువందలు గడప మీద పెట్టి
ఎవ్వలి మొఖం చూడకుంట లోపలికి పోయిండు.
నర్సవ్వ రెండుసార్లు లెక్కపెట్టింది.

"రాయవే పిల్లా," అన్నది సార్లక్క,
"ముందుగాల ఆ బర్రెను కొట్టెయ్."
కొట్టేసిన.
ఆ గడిల 'ఓదెలు బోరు, నీళ్ళు పడలే' అని రాసిన.
గడి సరిపోలే,
అక్షరాలు పక్క గీత దాటినయి.
గైర్హాజరు మీద గీతేసి హాజరు అని పెడితే
ఆమె సంతకం చేసింది,
తాపీగ, పొల్లు విడువకుంట.

ఇంక మూడువేల రెండొందలు తక్కువ.