ఈ స్థలం ఇంకా ఉందా?

ముప్పై ఏండ్ల కింద అడ్రసంటే
ఒక మనిషి గొంతు.
"దిల్‌బహార్ టాకీస్ పక్క గల్లీల
ఇస్త్రీ బండి దాటినంక
మేకను కట్టేసిన గేటు."
మేక అమ్ముడుపోతే
ఆ పొద్దు ఇల్లు దొరకకపోయేది.

ఇప్పుడు ఆటో హ్యాండిల్‌కు ఫోను,
ఫోన్ల నీలి గీత,
గీత మీద చిన్న బాణం.
అది నేనట.
లోపలి ఆడగొంతు మా బస్తీ పేరును
బువ్వల రాయి తగిలినట్టు పలుకుతది.

మా గల్లీకి పేరు లేకుండె.
మున్సిపాలిటోళ్లు ఇచ్చిన నంబరు,
బై మీద బై, దాని మీద ఇంకో బై.
చీరలకు ఫాల్ కుట్టే సబీహా
లాక్‌డౌన్ల గిరాకీ లేక కూసొని
తమ్ముని ఫోన్ల మ్యాపు తెరిచి
తన కిటికీ మీద పిన్ను గుచ్చింది.
పిన్ను గుచ్చుడు ఆమెకు కొత్తనా?
"సబీహా పికో సెంటర్."
రెండేండ్లు తిరగకముందే
గ్యాసు పిల్లగాడు, పార్సిల్ పిల్లగాడు,
ఆఖరికి ఓ పెండ్లి కార్డు గూడ
పికో గల్లీ అన్నయి.
నవాబుల పేర్లు మోసే ఊర్ల
కుట్టుమిషను పేరు మీద ఒక గల్లీ!
సబీహా నవ్వింది గని
రేటు మాత్రం పది రూపాయలు పెంచింది.

మొన్నటి వానకు
ఒరిస్సా పిల్ల ఒకామె ఎక్కింది, నల్లకుంటకు.
"భయ్యా, మ్యాప్‌ల రోడ్డే ఉంది" అంటది హిందీల.
ముంగట మోకాలి లోతు నీళ్లు.
కుంట అంటే ఏందో తెలుసా బేటా అన్న.
తెల్వదంది. చెప్పిన.
ఇంజను ఆపి ఇద్దరం కూసున్నం.
ఆమె ఒకసారి నీళ్లను చూసి
ఒకసారి ఫోను చూసి
పేరును విడగొట్టి చదివింది,
నల్ల.
కుంట.
రోడ్డుకు యాదికి లేకున్నా
పేరుకు యాదికుంది.

తిరిగొస్తుంటే టాకీస్ స్టాపు కాడ ఎర్రలైటు.
టాకీస్ ఏడిది, ఐదంతస్తుల బట్టల దుకాణమాయె.
అయినా కండక్టర్ టాకీస్, టాకీస్ అనే అరుస్తడు,
ఆ తెరను ఎన్నడూ చూడని పిల్లలు
"టాకీస్ కాడున్న, జల్ది రా" అంటరు.
ఫోను టింగుమంది.
దిల్‌బహార్ టాకీస్. ఈ స్థలం ఇంకా ఉందా?
అవును. కాదు. తెలియదు.

ఎనక హారన్లు మొదలైనయి.
అవును నొక్కిన.
ఎవరన్న పాపం నమ్మి
మ్యాట్నీకి వస్తే
తిట్లు నాకే.