పీక

అర్జీకి గడువు ఈ రాత్రి పన్నెండు.
వంటగది బల్ల మీద లాప్‌టాప్,
పక్కన నీళ్ళ గ్లాసులో నానుతున్న రెల్లు ముక్క.
కిటికీ అవతల దౌగవ నది
మంచు కింద ఎటో పోతూనే ఉందట.
కనపడదు కాబట్టి నమ్మాలి.

"స్నాతకోత్తర విద్య ఎందుకు కోరుకుంటున్నారు?
మూడు వందల మాటలకు తగ్గకుండా."
ఖాళీ గడిలో సన్నటి గీత
వెలుగుతుంది, ఆరుతుంది, వెలుగుతుంది.
ఓపికున్న గుమస్తాలా.

రాయాలంటే చాలా ఉంది.
పేరు విజ్మ. ఇరవై ఏడు. ఓబో వాయిస్తాను.
శనివారాలు దహనశాలలో
ఒక్కో మనిషికి రెండు పాటలు, ముప్పై యూరోలు.
పోయినవాళ్ళెవరూ నా డిగ్రీ అడగలేదు.
మంగళ గురువారాలు ఆరూ పన్నెండు రైలెక్కి
యెల్గవలో పిల్లల బడి.
అప్పుడప్పుడు ఏదో ఒక వాద్యబృందంలో
జ్వరమొచ్చిన వాళ్ళ కుర్చీ.

గుండార్స్ ఎం.ఏ. చేశాడు.
ఇప్పుడు వినికిడి యంత్రాల దుకాణంలో
ముసలివాళ్ళ చెవులు కొలుస్తాడు.
సంతోషంగానే ఉన్నాడు. నా భయమంతా అదే.
చెయ్యని బైబా
లియెపాయాలో రెండో ఓబో, పక్కా ఉద్యోగం,
ఫోన్ చేసినప్పుడల్లా "చదవాల్సింది" అంటుంది.
ఈ ఇద్దర్నీ ఎటు కలిపినా
లెక్క తేలదు.

మా గురువు ఆర్విద్స్‌ని చేపల సంతలో పట్టుకుని అడిగాను.
పొగబెట్టిన చేపని వాసన చూస్తూ
"ఇంకో రెండేళ్ళు నీకేం నేర్పను?
నా తప్పులే, ఇంకాస్త శుభ్రంగా" అన్నాడు.
కాగితంలో చుట్టించుకుని, చిల్లర లెక్కపెట్టుకుని,
నాలుగడుగులు నడిచి, వెనక్కి తిరిగి
"అయినా రా."
రెండు నెలలుగా
ఆ "అయినా"లో కాపురముంటున్నాను.

ఒకప్పుడు మేళమంతా నా వైపు తిరిగేది
శ్రుతి కోసం.
ఎనభై మంది నిశ్శబ్దం నా ఒక్క ఊపిరి మీద.
ఇప్పుడా పనికి జేబులో పట్టే యంత్రముంది.
దానికి చలికి గొంతు దిగదు,
అద్దె కూడా లేదు.

నిన్న ఒటీలియా, తొమ్మిదేళ్ళు,
కొత్తగా మొలుస్తున్న పై పన్నుతో
తన పీకని నిలువునా చీల్చుకుంది.
రేపే దాని పరీక్ష.
"టీచర్, మీరు ఇంకా చదువుతున్నారా?"
లేదు.
"అయితే అయిపోయిందా?"
లేదు.
పిల్ల కాసేపు ఆలోచించి
బూటు లేసు కట్టుకుంది.

నా దగ్గర మంచి రెల్లు ఒక్కటే మిగిలింది,
ప్రవేశ పరీక్షలో వాయించడానికని దాచుకున్నది.
పదిన్నరకి దాన్ని గ్లాసులోంచి తీశాను.
రెండు రేకులు, ఎదురెదురుగా,
ఎర్ర దారం పదమూడు చుట్లు.
కత్తి ఎక్కువ గీస్తే పీక తెగుతుంది,
తక్కువ గీస్తే పెగలదు.
ఏది ఎక్కువో ఏ పుస్తకమూ చెప్పలేదు,
బొటనవేలు చెప్తుంది, అదీ ఆలస్యంగా.
చిన్న ఊపిరికి సరిపడా పల్చబరిచాక
ఇది మళ్ళీ నాకు పనికిరాదు.
తెలిసే గీశాను. లేదా
గీస్తుండగా తెలిసింది.

పెదాల మధ్య పెట్టి ఊదితే
కాకిలా అరిచింది, వంకలేని అరుపు.
పై అంతస్తు ఔస్త్రమ్మ
వేడినీటి గొట్టం మీద గరిటెతో మూడు దెబ్బలు.
అప్పుడు చూశాను గడియారం:
పదకొండూ నలభై తొమ్మిది.

ఒళ్ళో రెల్లు పొట్టు దులుపుకోకుండానే
గడిలో కొట్టాను:
"ఇవాళ ఒక పీక బాగా కుదిరింది."

ఇంకా
రెండు వందల తొంభై ఐదు మాటలు కావాలంటోంది.