మడ్డి లెక్క

విడ్నెస్‌లో రోజుకు రెండుసార్లు
మెర్సీ నది వెనక్కి తగ్గి తన బురద చూపిస్తుంది.
దాన్ని ఎవరూ తూకం వెయ్యరు.
నది పక్క మా షెడ్డులో మాత్రం
మడ్డికి చిట్టా ఉంది, తాళం ఉంది,
రెండు సంతకాలున్నాయి.

ఫిల్టర్లు లారీలో వస్తాయి.
మనిషెత్తు ఉక్కు గొట్టాలు,
ఒళ్లంతా కంటికి ఆనని రంధ్రాలు.
ఏ మందుల ఫ్యాక్టరీలోనో మింగినన్నాళ్లు మింగి
ఇక చుక్క దిగనివ్వమని మొండికేసినవి.
"జలుబు చేసిన ముక్కులు" అనేవాడు నెవిల్ హెస్కెత్.
నాకు పని నేర్పింది అతనే.

మొదటి రోజు మొదటి మాట:
తడి ఆరనివ్వకు.
ఈ నలుపు ఆరితే అగ్గిపుల్ల అక్కర్లేదు,
గాలి తగిలి తనే అంటుకుంటుంది.

అందుకని అంతా నీళ్లలోనే.
ముందు వెనకనుంచి నీళ్లు తోసి కక్కించడం,
తర్వాత క్షారం తొట్టి,
ఆ తర్వాత చెవికందని మోతతో వణికే తొట్టి.
చెవికందదు గాని పళ్లకు తెలుస్తుంది.
కాటుక కరిగినట్టు
గొట్టం మెల్లగా మసి విడుస్తుంది.
పల్లాడియం ఆ మసిలోనే ఉంది.
గ్రాము ఎంతో చెప్పిన రోజు
మా ఆయన స్టవ్ మీద పాలు మరిచిపోయాడు.

మా ప్రొద్దుటూరు కంసాలి బజారులో
తెల్లారకముందే కాలవ ఊడ్చేవాళ్లుండేవాళ్లు.
తట్టల్లో బురద ఎత్తుకుపోయి
చెక్క మరిగెలో గాలిస్తే
గోటికంటినంత పసుపు.
చిన్నప్పుడు వాళ్లకు పిచ్చనుకున్నాను.
టీ వేళ నెవిల్‌కు చెప్పాను.
చాలాసేపు ఆలోచించి,
"వాళ్లకు పెన్షన్ ఉందా?" అన్నాడు.

చివరిది బుడగ పరీక్ష.
కడిగిన గొట్టాన్ని స్పిరిట్‌లో ముంచి
లోపలికి గాలి వదలాలి, చాలా నెమ్మదిగా.
బియ్యపు నూకంత బుడగ
ఎక్కడో ఒక చోట ముందుగా పుడుతుంది.
ఉన్నవాటిలోకెల్లా పెద్ద కన్నం అదే.
నేను ముళ్లు చూస్తూ ఉండగానే
అతని వేలు అక్కడుండేది.
పసుపు మైనపు పెన్సిల్‌తో
చుట్టూ సున్న చుట్టేవాడు.
"ప్రతిదానికీ ఒకటుంటుంది, హైమా,
ఎంత ఒత్తిడికి బయటపడుతుందన్నదే లెక్క."

మాప్ గుడ్డలు, గుమ్మం పట్టాలు, చిరిగిన గ్లవ్స్,
మా చేతులు తుడుచుకున్న కాగితాలు,
ఏదీ చెత్తబుట్టలోకి పోకూడదు.
కొలిమిలో కాల్చి బూడిద తూచి
ఎవరి సరుకు వాళ్లకు పంపాలి.
నెవిల్ నవ్వేవాడు:
ముప్పై రెండేళ్లు పీల్చాను దీన్ని,
నేను పోతే స్మశానం ఖర్చెందుకు,
ఇక్కడే వేసి కంపెనీకి రసీదు రాయండి.

ఫిబ్రవరిలో ఒక సోమవారం అతను రాలేదు.
మంగళవారం సూపర్‌వైజర్ టోపీ తీసి వచ్చాడు.
ఎండోస్కోపీకి సెలవు పెట్టిన మనిషి,
పరీక్షకు రెండు రోజుల ముందే.

లాకర్ నా చేత తీయించారు.
సగం బిస్కెట్ పొట్లం, రగ్బీ టికెట్టు,
అరిగిన గ్లవ్స్ ఒక జత.
బిస్కెట్లు ఇంటికి పంపవచ్చు.
గ్లవ్స్, రూలు ప్రకారం, కొలిమికి.

వేళ్లు ఇంకా వంగే ఉన్నాయి
ఏదో పట్టుకున్నట్టు.
తిరగేసి దులిపితే
ఎడమ బొటనవేలులోంచి రాలింది
చిటికెన గోరంత పసుపు పెన్సిల్.

బూడిద తూచాను.
సున్నా పాయింటు మూడు ఒకటి.
"ఎక్కడిది" అన్న గడిలో
చేతి తొడుగులు, ఒక జత, అని రాశాను.
రెండో సంతకం కోసం
కాసేపు ఎవరి కోసమో చూశాను,
తర్వాత కొత్త కుర్రాణ్ణి పిలిచాను.

పెన్సిల్‌కు చిట్టాలో గడి లేదు.

ఇవాళ మధ్యాహ్నం
పదకొండో నంబరు గొట్టం మీద,
అతుకుకు రెండంగుళాల కింద,
బుడగ పుట్టింది.
ఆలస్యంగానే చూశాను.
చుట్టూ సున్న చుట్టాను, కాస్త వంకరగా.
కుర్రాడు అడిగాడు: ఏం చెయ్యాలి దీన్ని?
ముందు తడి ఆరనివ్వకు, అన్నాను.