ఉడికిన ఎండ్రకాయ

పోస్టులో వచ్చిన ఆరు కాపీల్లో ఒకటి
సంచిలో వేసుకుని అల్లూరు బస్సెక్కాను.
గట్టి అట్ట, నున్నటి కాగితం,
వాసన చూస్తే కొత్త చెప్పుల కొట్టులా ఉంది.
అట్ట మీద నా పేరు, కింద బొమ్మలేసినావిడ పేరు.
ఆవిడది ఏదో కొండల ఊరు. ఉత్తరాల్లో మంచిమనిషి.

మానికల చెంచమ్మ చెరువు కట్ట దిగువన
చేపల మావు అల్లుతోంది.
లేవలేదు. కాలితో గోనెపట్టా నావైపు జరిపింది.

"నువ్వు చెప్పిన కొంగ కతే ఇది."
"ఇంగిలీసులోనా?"
"ఇంగిలీసులోనే."
"అయితే దాని మోసం ఇంకా బాగా కుదిరుంటది."

చేతులు చీరకి తుడుచుకుని పుస్తకం తీసుకుంది.
మొదటి బొమ్మ: తామరపూలు, నీలం నీళ్ళు,
ఒంటికాలి మీద కొంగ.
"మోకాలు ముందుకొంగిందే దీనికి!
మనిషి కాలేశారు."

రెండో బొమ్మ దగ్గర చదవమంది.
కొంగ చేపలతో అంటోంది: డోంట్ బి అఫ్రైడ్.
"అంటే?"
"భయపడవద్దు అని."
"నేనట్ట చెప్పలా."
మెడ కాస్త ముందుకు చాచి,
అప్పిచ్చే పెద్దమనిషి నెమ్మదితో మొదలుపెట్టింది:
"బయపడబాకండి బిడ్డల్లారా, నేనుండా గదా.
ఈ ఏడు వానల్లేవు, గుంట ఎండిపోద్ది,
కొండ పక్కన నిండు చెరువుండాది,
ఒక్కొక్కర్నే మోసకపోతా..."
యాభై ఏళ్ళొచ్చినా నా వెన్నులో చలి పుట్టింది.
ఆ 'బాకండి' ఎక్కడ పోయిందో నాకు తెలుసు.
మూడో డ్రాఫ్టులో, ఒక మధ్యాహ్నం,
కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు.

"మట్టగిడస యాడుంది?"
పేజీ మీద వేలు పెట్టి వెతుకుతోంది.
"ముందు పొయ్యింది జెల్ల గదా,
ఆ ఎనక చేదుపరిగి పిల్లలు,
బొమ్మిడాయి రానంటే రానని బురదలో దూరె,
మట్టగిడస తెలివిగల్లది, దాన్ని ఆకర్న..."
చూపించాను. ఇది ఫిష్.
ఇక్కడ ఫిష్. ఇదిగో, ఇక్కడ కూడా.
బొమ్మలో అన్నీ నారింజ రంగువి,
గాజుతొట్టిలో పెంచుకునేవి.

"ఒకటే చేపని ఇన్నిమార్లు తినిందా కొంగ?"

బండ మీద ముళ్ళకుప్ప వచ్చింది.
ఇది మాత్రం బాగా ఏసిందంది.
తల తిప్పకుండా చూసింది.
ఒక్కో ముల్లునీ గోటితో తాకుతూ
పెదాలు కదిపింది.
పేర్లనుకుంటా. నాకు రెండే వినపడ్డాయి.

చివరి బొమ్మ: వాలిన కొంగ మెడ,
దాన్ని పట్టుకుని ఎర్రగా, నిగనిగలాడుతూ ఎండ్రకాయ.
చెంచమ్మ నవ్వడం మొదలుపెట్టింది.
మావు పక్కకి దొర్లిపోయింది,
ఏందేందని గుడిసెలోంచి పిల్లలొచ్చారు.
"అబ్బయ్యా, ఇది ఉడికిపొయ్యింది!
బతికున్న ఎండ్రకాయ బురదరంగుంటది గదా,
సట్టిలోంచి లేచొచ్చి కొరికిందా?"

నేనూ నవ్వాను.
ఆవిడకి ఉత్తరం రాద్దామనుకున్నాను.
ఏమని?
వాళ్ళ ఊళ్ళో ఎండ్రకాయ
ఎప్పుడూ పళ్ళెంలోనే కనిపించి ఉంటుంది.
మరి నేనో,
ఈ కట్ట మీద నిక్కరుతో తిరిగి
దాన్ని నల్లగా, నీళ్ళు కారుతూ చూసినవాణ్ణి.
ప్రూఫుల్లో ఎర్రగా వస్తే
రంగు చక్కగా పడిందని రాసి పంపాను.

చెంచమ్మ తన చూపుడువేలు చూపించింది.
పైకణుపు దగ్గర వంకర.
పదేళ్ళప్పుడు బొక్కలో చెయ్యిపెట్టినప్పటిది.
"పట్టిందంటే ఇట్ట. కొండి తెగినా వదల్దు."
ఆ వేలు ఎర్రటి కొండి మీద ఆనించి
కాసేపు అక్కడే ఉంచింది,
నొప్పి ఇంకా వస్తుందేమో చూస్తున్నట్టు.

పుస్తకం మనవరాలికిచ్చి మళ్ళీ మావు అందుకుంది.
ఆ పిల్ల పొయ్యి దగ్గర్నుంచి
బొగ్గుముక్క తెచ్చుకుని
చివరి పేజీ తెరిచి, బోర్లా పడుకుంది.

నున్నటి కాగితం.
బొగ్గు మొదట అంటలేదు.