ముప్పై నిమిషాలు ఆయనవి

పర్లాకిమిడి బజారులో కొమ్ముబొమ్మల కొట్టు,
కొట్టు మీద మేడ, మేడ మీద మా స్టేషను.
లోపల నేనూ, ఒక టేబుల్ ఫ్యానూ,
గోడల నిండా అంటించిన గుడ్ల అట్టలూ.
కింద కొమ్ము అరగదీస్తుంటే
ఆ కమురు మైకుదాకా వస్తుంది.
వినేవాళ్ళకి తెలీదు గాని
మా మాటలన్నీ కాస్త కమురు కొడతాయి.

ఏడయింది. మీట నొక్కాను.
"మోకాళ్ళు పట్టేశాయా? మెట్లెక్కలేకపోతున్నారా?"
దండపాణి వైద్యులవారి గొంతు.
మొన్న మంగళవారం ఎండవేళ
ఇదే గదిలో చెమటలు కక్కుతూ రికార్డు చేసి వెళ్ళారు.
మధ్యలో ఫోను చేసి ఏడ్చే కాశీనగర్ రైతొకడు ఉంటాడు.
ఆ రైతుని నేనే.
నాకు మోకాళ్ళ నొప్పి లేదు. పొలమూ లేదు.

ఏడూ నాలుగుకి
భువనేశ్వర్ నుంచి త్రినాథ్ బావ:
మన మంత్రి రాజీనామా ఇచ్చేశాడు,
పద్దెనిమిది మంది ఎమ్మెల్యేలు ఒకే బస్సెక్కి ఎటో పోయారు,
ప్రభుత్వం ఈ రాత్రి దాటితే గొప్ప.
వార్త ఒడియాలో వచ్చింది.
తైలం తెలుగులో అమ్ముడుపోతోంది.
రెంటి మధ్యా నా వేలు.

ఓనరు గౌరాంగ పట్నాయక్ గారికి చేశాను.
భోజనంలో ఉన్నారు. నములుతూనే అన్నారు:
"వార్త చెప్పడానికి మనకి లైసెన్సు లేదు,
తైలం అమ్మడానికి ఉంది.
ముప్పై నిమిషాలు ఆయనవి, రొక్కం కట్టాడు.
ఆ అరగంటా గాలి కూడా ఆయనదే."
కాస్త ఆగి, "ఇంతకీ ఏ మంత్రిరా?"
చెప్పాను.
నమలడం ఆగిపోయింది.
మా కొత్త మిక్సరు
పోయిన ఎన్నికల్లో ఆ మంత్రి కొనుక్కున్న గంటల పుణ్యమే.

ఫోను దీపాలు మూడూ ఎర్రగా కొట్టుకుంటున్నాయి.
గురండి నుంచి ఎవరో మాస్టారు.
ఉప్పలాడ నుంచి తవిటమ్మ.
ఎవరికీ మోకాళ్ళ గొడవ లేదు.
"గవుర్మెంటు పడిపోనాదటేటి బావూ?
మరైతే ఏటిమీద వంతెన కడతారేటి, ఒగ్గీసినట్టేనా?"
ఆమె పక్కన రేడియోలో నా రైతు ఏడుస్తున్నాడు,
"రెండు సీసాలకే లేచి నడిచానండీ" అని,
ఫోన్లోంచి తిరిగి నా చెవిలోకే.
"తెలీదమ్మా" అన్నాను.
రెండు గొంతులూ ఒకటేనని పట్టేస్తుందేమోనని
గొంతు మార్చి మరీ అన్నాను.

ఏడున్నర.
తైలానికీ ఆ తర్వాతి పాటలకీ నడుమ
పది సెకన్లు మావి, టైము చెప్పుకోడానికి.
మైకు తెరిచాను.
"సమయం ఏడు గంటల ముప్పై నిమిషాలు."
ఇక ఏమీ అనలేదు.
అనకుండా అలాగే తెరిచి ఉంచాను.
ఫ్యాను కిర్రు, కింద ఆకురాయి గీరుడు,
ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు.
పది దాటింది. ఇరవై. ఇరవై అయిదు.
పాట వేశాను.

మర్నాడు దాన్ని సాంకేతిక లోపమని పుస్తకంలో రాయించి
పట్నాయక్ గారు నా జీతంలో రెండొందలు కోశారు.
అది తర్వాతి సంగతి.
పాట పల్లవిలో ఉండగానే తవిటమ్మ మళ్ళీ చేసింది.
"నిజమేనన్నమాట" అంది.
పెట్టేసింది.

వారం తిరక్కుండా
మాజీ మంత్రిగారు ఏడున్నర గంట కొనుక్కున్నారు.
రెట్టింపు రేటు. పేరు, ప్రజలతో ముఖాముఖి.
తన వినేవాళ్ళని లాగేసుకుంటున్నారని
దండపాణి వైద్యులు మెట్ల మీదే తగువుకొచ్చారు,
మోకాలు పట్టుకుని, రెండు మెట్లకోసారి ఆగుతూ.

"ఈసారి రైతు వద్దు" అన్నారు పట్నాయక్ గారు,
"ఒక ముసలమ్మ కావాలి. ఉప్పలాడ అను.
వంతెన కడితే మీరే కట్టాలి నాయనా, అనాలి."
ఆ గొంతు నాకు రాదన్నాను.
వస్తుందిలే అన్నారు.

ముందుగా ఒక వాక్యం చదవాలి:
ఇది ప్రాయోజిత కార్యక్రమం.
ఒక్క సెకనులో అయిపోవాలి.
నేను అక్షరం అక్షరం ఒత్తి చదివాను.
మళ్ళీ చదివించారు.
మళ్ళీ.
నాలుగోసారికి
నాకే వేగం వచ్చేసింది.